ఐదు బారల దూరం

టెక్సస్‌లోని బ్రాజోస్ బెండ్ స్టేట్ పార్కు అనగానే ఎలిగేటర్ (అమెరికా మొసలి) కంటే ముందు గుర్తొచ్చేది పార్కింగ్ లాట్. కార్లు దిగీ దిగగానే ఐదుగురు పెద్దవాళ్ళు చేతులు బార్లా చాపి, వేళ్ళ కొసలు వేళ్ళ కొసలకి తగిలేలా వరసగా నిలబడేవాళ్ళు. ఆ వరస చివర నేల మీద ఒక సంచీ పడేసి, "అది ఎలిగేటర్ అనుకోండి. ఇంతకంటే దగ్గరికి వెళ్ళకూడదు" అని పిల్లలకి చూపించేవాళ్ళు. పార్కు పెట్టిన నియమం 30 అడుగులు. ఏడేళ్ళ పిల్లకి 30 అడుగులంటే ఏమర్థమవుతుంది? బారంటే ఆరడుగులు, ఐదు బారలంటే ముప్ఫై. పొట్టిగా ఉండేవాళ్ళు వరసలో ఉంటే ఆరో మనిషిని కలిపేవాళ్ళు. ఆ కొలత ఒకసారి కళ్ళతో చూసిన పిల్లలు ఇక బాట మీద తమంతట తామే "ఆంటీ, మూడు బారలే ఉంది, వెనక్కి రండి" అని పెద్దవాళ్ళకే చెప్పేవాళ్ళు.

హ్యూస్టన్ నుంచి నైరుతి దిక్కుగా, నీడ్‌విల్ ఊరి దగ్గర, గంట ప్రయాణం. 1984లో జనానికి తెరిచారు. దాదాపు 5,000 ఎకరాలు. ఒక పక్క బ్రాజోస్ నది, లోపల బిగ్ క్రీక్ వాగు, వాటి మధ్య చెరువులు. తెలిసినవాళ్ళంతా ఎల్మ్ లేక్ చుట్టూ, ఫార్టీ ఎకర్ లేక్ చుట్టూ తిరగమంటారు. అవి మంచివే. కానీ చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి క్రీక్‌ఫీల్డ్ లేక్ చాలు. అర మైలు బాట, చదునుగా ఉంటుంది, స్ట్రోలర్ పోతుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే. మ్యాపు చూసి, "అర మైలేనా? పది నిమిషాల పని" అనుకుని, రెండు చెరువులూ ఒక పూటలో చుట్టేద్దామని బయల్దేరతారు. ముప్పావు మైలు దాటేసరికి పిల్లలు ఎత్తుకోమంటారు, నీళ్ళైపోతాయి, ఎండ నెత్తికెక్కుతుంది. అర మైలుకి గంటన్నర పెట్టుకుని వెళ్తే మాత్రం ఏ ఏడుపులూ ఉండవు. పిల్లల నడకంటే నాలుగడుగులు వేయడం, కూర్చోవడం, ఒక పురుగుని చూడటం, మళ్ళీ నాలుగడుగులు.

నలుగురు పిల్లలకి ఒక పెద్ద. ముందు ఒకరు, అందరికంటే వెనక ఒకరు. ముందున్న మనిషిని ఏ పిల్లా దాటకూడదు, వెనకున్న మనిషి ఏ పిల్లా తనకంటే వెనక పడకుండా చూసుకోవాలి. ఈ రెండు హద్దుల మధ్య ఎవరు ఎక్కడ ఆగినా అడ్డు చెప్పనక్కర్లేదు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో 12 ఏళ్ళ వరకు పిల్లలకి ప్రవేశ రుసుము లేదు. అయితే వారాంతాల్లో పార్కు నిండిపోతే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు, అందుకని డే పాసు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మేలు. గేటు దగ్గర ఆగిపోయిన కార్లో పిల్లల మొహాలు చూడలేం.

సంచీలో పెట్టేవి తక్కువే. ఒక్కో పిల్లకి గంటకి అర లీటరు చొప్పున మంచినీళ్ళు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, దారం కట్టి మెడలో వేసుకునేది. గీతలు లేని తెల్లకాగితాల పుస్తకం, పెన్సిలు. పెన్ను వద్దు, చెమట చేయి తగిలితేనే సిరా అలుక్కుపోతుంది. ఒక జత పొడి మేజోళ్ళు. చాలా స్టేట్ పార్కుల్లో జూనియర్ రేంజర్ అనే పిల్లల కార్యక్రమం కింద బైనాక్యులర్స్, భూతద్దం, గుర్తుపట్టే పుస్తకాలు పెట్టిన వీపు సంచీ అరువుకిస్తారు. ముందు అది అడిగి చూసి, తర్వాతే కొనుక్కోవడం గురించి ఆలోచించడం మంచిది.

భూతద్దం పట్టుకోవడం ఎవరూ నేర్పరు. పిల్లలు దాన్ని చేతి దూరంలో పట్టుకుని, ఆకు మీద ఆడించి, మసగ్గా ఉందని వదిలేస్తారు. పది రెట్ల అద్దానికి చూపు అమరే దూరం రెండున్నర సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించి పట్టుకోవాలి. బొటనవేలి కణుపు బుగ్గకి ఆనించుకుంటే చేయి వణకదు. ఇప్పుడు రెండో చేత్తో ఆకుని ముక్కు దాకా తెచ్చుకోవాలి. ఆకు చెట్టుకే ఉంటే మనిషే వంగి దాని దగ్గరికి పోవాలి. మసక పోయి, ఒక్కసారిగా ఆకు ఈనెల మధ్య గదులూ నూగూ కనిపించిన ఆ క్షణంలో పిల్లల నోటి నుంచి మాట రాదు. ఊపిరి మాత్రం వినిపిస్తుంది. అద్దంతో సూర్యుణ్ణి చూడకూడదని, ఎండు గడ్డి మీద ఎండలో వదిలేయకూడదని ముందే గట్టిగా చెప్పాలి.

బైనాక్యులర్స్ సంగతి ఇంకొంచెం కష్టం. పెద్దది ఎక్కువ చూపిస్తుందని పది రెట్లవి కొంటారు. పిల్లల చేతిలో అవి వణికి, కొంగ స్థానంలో ఊగే పచ్చదనమే కనపడుతుంది. ఆరు రెట్లు, మహా అయితే ఎనిమిది రెట్లు, బరువు తక్కువ ఉన్నవి చాలు. కొనేముందు రెండు గొట్టాల్నీ మధ్యకి మడిచి చూడాలి. పిల్లల కళ్ళ మధ్య ఎడం తక్కువ కాబట్టి అవి బాగా దగ్గరికి రాకపోతే ఒక కన్నే చూస్తుంది, రెండో దానిలో నలుపే ఉంటుంది. నేర్పేటప్పుడు పక్షితో మొదలుపెట్టకూడదు. కదలని బోర్డు మీద అక్షరాలతో మొదలుపెట్టాలి. ముందు ఉత్త కళ్ళతో దాన్ని పట్టుకోవాలి, చూపు తిప్పకుండా, తల వంచకుండా, బైనాక్యులర్స్‌ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. తల దించి సరిచేసుకుని మళ్ళీ ఎత్తితే పక్షి దొరకదు. బోర్డు చదవడం వచ్చిన తర్వాత నీళ్ళలో నిలబడ్డ గ్రేట్ బ్లూ హెరాన్ సరైన పాఠం. మన నారాయణపక్షిని ఇంకా సాగదీసినట్టు ఉంటుంది, నిమిషాల తరబడి కదలదు.

దానికి పక్కనే తరచూ అన్‌హింగా అనే నీటి పక్షి రెక్కలు విప్పి కొమ్మ మీద కూర్చుని ఉండేది. దాని ఈకలకి బాతు ఈకల్లా నీళ్ళు జారిపోవు, తడిసిపోతాయి. తడిసిన బరువు వల్లే లోతుకి మునిగి, పొడుగాటి ముక్కుతో చేపని పొడుస్తుంది. బయటికొచ్చాక ఆరబెట్టుకోవాలి. "అది ఎందుకలా నిలబడింది?" అని పిల్లలడిగితే జవాబు వెంటనే చెప్పకూడదు. "నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఓపిక పట్టాలి. ఉతికిన బట్ట ఆరేసినట్టుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పేరు ఆ తర్వాత చెప్పినా చాలు. ముందే పేరు చెప్పేస్తే చూడటం అక్కడితో ఆగిపోతుంది. ఆ ఉదయాల్లో నేర్చుకున్న పాఠాలన్నిటిలోకీ ఇదే పెద్దది.

వేసవిలో ఆరు నెలలకని వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు కూడా వెంట వచ్చేవాళ్ళు. ఇంగ్లీషు పేర్లు వాళ్ళకి తెలియవు. కానీ గొంతుక్కూర్చుని చీమల బారుని పావుగంట చూడటం తెలుసు. ఏ కొమ్మ మీద గూడుంటుందో, నీళ్ళ మీద ఆ వలయం చేపదో కప్పదో తెలుసు. పిల్లలు మ్యాపు పట్టుకున్న నాన్నల్ని వదిలేసి వాళ్ళ వెనకాలే పోయేవాళ్ళు. బెత్తెడు, జానెడు, మూరెడు అనే కొలతలు పిల్లల పుస్తకాల్లోకి వాళ్ళ ద్వారానే ఎక్కాయి. స్కేలు మర్చిపోయినా చేయి మర్చిపోరు కదా. బొమ్మ పక్కన "తాతయ్య జానెడు" అని రాసిన పేజీలు ఎంత ముద్దుగా ఉండేవో!

ఆ జానెడే పిల్ల ఎలిగేటర్ పొడుగు. గుడ్డులోంచి వచ్చినప్పుడు తొమ్మిది అంగుళాలకి అటూ ఇటూ, ఒంటి మీద పసుప్పచ్చ చారలతో ఉంటుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో నాచులో అవి పదీ ఇరవై గుంపుగా కనిపిస్తాయి. పిల్లలకి వాటి మీద ప్రాణం పోతుంది. అప్పుడే పెద్దవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, ఏడాదికి పైగా కూడా కాపలా కాస్తుంది. నీళ్ళ అంచు నుంచి సన్నగా గొంతు పట్టేసినట్టు కూతలు వినిపిస్తే, ఎలిగేటర్ పిల్లలు కనిపించకపోయినా ఆగి వెనక్కి తగ్గాలి. బొమ్మ గీసుకోవాలంటే ఐదు బారల అవతల నుంచి, బైనాక్యులర్స్‌తో.

పెద్ద ఎలిగేటర్ నీళ్ళలో కళ్ళు, ముక్కు మాత్రమే పైన పెట్టి ఉంటే దాని పొడుగు చెప్పే కిటుకు ఒకటుంది. కంటికీ ముక్కు రంధ్రాలకీ మధ్య ఎన్ని అంగుళాలుంటే, మొత్తం ఒళ్ళు దాదాపు అన్ని అడుగులు. పిల్లలు దూరం నుంచి అంచనా కట్టి, పుస్తకంలో రాసి, అది గట్టెక్కినప్పుడు సరిచూసుకునేవాళ్ళు. చలికాలంలో ఎండ కాసిన రోజున, పొద్దెక్కాక, గట్ల మీద ఎండ కాగుతూ బాగా కనిపిస్తాయి. వేసవి మధ్యాహ్నం వెళ్ళి ఒక్కటీ లేదని బాధపడి లాభం లేదు. వసంతంలో పొద్దున్నే అదృష్టముంటే మగది గర్జించడం వినిపిస్తుంది. ఆ గొంతు వినిపించే ముందే దాని వీపు మీద నీళ్ళు చిన్న చిన్న చుక్కలుగా ఎగిరెగిరి పడతాయి. బాట మీద అడ్డంగా పడుకుని ఉంటే చుట్టి వెళ్ళే ప్రయత్నం చేయకూడదు, వచ్చిన దారినే తిరిగిపోవాలి. చిప్సు ముక్క కూడా వెయ్యకూడదు. టెక్సస్‌లో ఎలిగేటర్‌కి తిండి పెట్టడం నేరం. దాని వెనక కారణం పిల్లలకి చెప్పాలి. మనిషి చేతి నుంచి తిండి తిన్న ఎలిగేటర్‌కి మనిషంటే బెరుకు పోతుంది. బెరుకు పోయిన జంతువుని ప్రమాదమని చివరికి చంపేయాల్సి వస్తుంది. ఈ మాట విన్నాక ఏ పిల్లా విసరదు.

ఎలిగేటర్ ఒక్కటీ కనపడని రోజులు కూడా వృథా పోలేదు. ఓక్ చెట్లకి జడలు కట్టినట్టు వేలాడే స్పానిష్ మాస్ ఉందిగా. పేరులో మాస్ ఉన్నా అది నాచు కాదు, అనాసపండు కుటుంబానికి చెందిన మొక్క. దానికి వేళ్ళు నేలలో లేవు, చెట్టు రసం పీల్చదు. గాలిలో తేమనీ వాననీ ఒంటి మీద పొలుసులతో పట్టుకుంటుంది. బాట మీద రాలిపడ్డ పోగు మీద మంచినీళ్ళ సీసా నుంచి పది చుక్కలు వేసి భూతద్దంతో చూడమనాలి. పొడిగా ఉన్నప్పుడు ఆ పొలుసులు బూడిద రంగులో ఉంటాయి, తడవగానే అవి పారదర్శకమై కింద దాక్కున్న ఆకుపచ్చ బయటపడుతుంది. కళ్ళముందే రంగు మారుతుంది. అయితే దాన్ని మెడలో వేసుకోనివ్వకూడదు, నేల మీద పడ్డ దానిలో ఒళ్ళంతా దురదపెట్టే చిగ్గర్ పురుగులుండొచ్చు. అదే ఓక్ కొమ్మల మీద రిసరెక్షన్ ఫెర్న్ ఉంటుంది. వానలు లేనప్పుడు ఎండిపోయి గోధుమ రంగులో ముడుచుకుని చచ్చినట్టు ఉంటుంది. వాన పడ్డ మర్నాటికి కొమ్మంతా పచ్చగా విప్పుకుంటుంది. వాన వచ్చిందని పార్కు ప్రయాణం మానుకున్నవాళ్ళు దీన్ని పోగొట్టుకున్నారు.

అక్కడ పిల్లల్ని నిజంగా బాధపెట్టినవి ఎలిగేటర్లు కావు, ఫైర్ యాంట్లు. వాటి పుట్టకి పైన కన్నం ఉండదు, మామూలు మట్టికుప్పలా ఉంటుంది. పిల్ల దాని మీద నిలబడి కొంగని చూస్తూ ఉంటుంది, చీమలు చప్పుడు లేకుండా మోకాలి దాకా ఎక్కి, తర్వాత ఒక్కుమ్మడిగా కుడతాయి. నీళ్ళు పోస్తే పోవు, దవడలతో చర్మాన్ని పట్టుకుని ఉంటాయి. చేత్తో గట్టిగా, త్వరగా తుడిచెయ్యాలి, బూటూ మేజోడూ విప్పెయ్యాలి. మర్నాటికి చీము పొక్కులొస్తాయి, గిల్లకూడదు. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 911కి ఫోను. ఎక్కడ ఆగినా ముందు కాళ్ళ కింద చూడటం, తర్వాతే పైకి చూడటం, ఇది అలవాటు చేస్తే సగం ఏడుపులు తప్పుతాయి.

ముట్టుకుంటే దద్దుర్లొచ్చే పాయిజన్ ఐవీ తీగ కూడా అంతే. మూడేసి ఆకులు, మధ్య ఆకుకి తొడిమ పొడుగు. చెట్టు కాండాన్ని పట్టుకుని పైకి పాకిన ముదురు తీగకి వెంట్రుకల్లాంటి వేళ్ళు. ఐదేసి ఆకులున్నది వర్జీనియా క్రీపర్, వేరే తీగ. మూడాకులే ఉన్న బాక్స్ ఎల్డర్ చెట్టు మొలక మాత్రం పెద్దవాళ్ళని కూడా మోసం చేస్తుంది. దాన్ని విడదీయాలంటే ఆకులు కొమ్మకి ఎలా అమరాయో చూడాలి. బాక్స్ ఎల్డర్‌కి ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, ఐవీకి ఒకటి ఈ పక్క, తర్వాతది ఆ పక్క. ముట్టుకుంటే ఆలస్యం చేయకుండా సబ్బుతో, చల్లటి నీళ్ళతో కడగాలి, బూట్ల తాళ్ళతో సహా. దాని జిడ్డు బట్టలకి అంటుకుని ఇంటిదాకా వస్తుంది. దోమల మందు రాసేటప్పుడు ముందు సన్‌స్క్రీన్, ఆరాక మందు. పిల్లల అరచేతులకి రాయకూడదు, అవి నేరుగా నోట్లోకీ కళ్ళలోకీ పోతాయి. పాము కనిపిస్తే పేరు తేల్చే పని పెట్టుకోకూడదు. విషం లేని నీటి పాముల్ని విషమున్న కాటన్‌మౌత్ అనుకోవడం, కాటన్‌మౌత్‌ని నీటి పాము అనుకోవడం రెండూ మామూలే. ఆగడం, వెనక్కి నడవడం, దాని దారిన దాన్ని పోనివ్వడం.

ఒక పూటకి ఒకసారి అందరినీ కూర్చోబెట్టి, కాగితం మధ్యలో ఇంటూ గుర్తు పెట్టమనేవాళ్ళు. ఇంటూ అంటే నువ్వు. కళ్ళు మూసుకుని, వినిపించిన ప్రతి చప్పుడినీ అది వచ్చిన దిక్కున ఒక చిన్న గీతతో గుర్తు పెట్టాలి. ఐదేళ్ళ వాళ్ళకి మూడు నిమిషాలు, ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి పది. అంతకంటే పొడిగిస్తే చెడిపోతుంది. మొదటి నిమిషమంతా నవ్వులూ, జిప్పుల చప్పుడూ. అది పోనివ్వాలి, కసరకూడదు. రెండో నిమిషంలో చెవులు విప్పుకుంటాయి. రెండు గులకరాళ్ళు కొట్టుకున్నట్టు టిక్ టిక్‌మనేది క్రికెట్ ఫ్రాగ్, బొటనవేలి గోరంతకి కాస్త పెద్దదంతే. పైన ఈల వేస్తూ పోయేవి విజిలింగ్ డక్స్, చెట్టు తొర్రల్లో గూడు పెట్టే బాతులు. నిజంగా రెండు రాళ్ళు తీసుకుని నెమ్మదిగా కొట్టి, వేగం పెంచి చూపిస్తే కప్పలు బదులు పలికిన రోజులున్నాయి.

ఫోన్లొచ్చాక ఒక మార్పొచ్చింది. సీక్ లాంటి యాప్ కెమెరా ముందు మొక్కనో పురుగునో పెడితే పేరు చెప్పేస్తుంది, దానికి పిల్లల అకౌంటు కూడా అవసరం లేదు. అది చెడ్డది కాదు. బొమ్మ గీసి, ఎన్ని కాళ్ళు, ఏం తింటోంది, ఎంత పొడుగో రాశాకే ఫోను బయటికి తీయాలని నియమం పెట్టుకుంటే బాగా పనికొస్తుంది. ముందే తీస్తే తూనీగ పేరు తెలుస్తుంది గానీ, వాలినప్పుడు రెక్కలు పక్కలకి చాపిందా, వీపు మీద మడిచిందా అన్నది ఎవరూ చూసి ఉండరు. తూనీగనీ, దాని చుట్టమైన సన్నటి డామ్‌సెల్‌ఫ్లైనీ విడదీసే తేలికైన గుర్తు సాధారణంగా అదే.

ఏదీ ఇంటికి తెచ్చుకోకూడదన్నది పిల్లలకి కష్టంగా ఉండేది. ఈక, గుల్ల, ఓక్ కాయ, అన్నీ జేబుల్లోకే పోతాయి కదా. స్టేట్ పార్కులో మొక్కని గానీ, జంతువుని గానీ, వాటి భాగాన్ని గానీ తీసుకెళ్ళకూడదు. అందుకని ఈకని నేల మీదే ఉంచి, దాని మీద కాగితం పెట్టి పెన్సిలు ఏటవాలుగా రుద్దమనేవాళ్ళు. ఈనె గీతలన్నీ కాగితం మీదికి వస్తాయి. ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఈకని ఉన్నచోటే వదిలి వచ్చేవాళ్ళు.

2016లోనూ, 2017లో హార్వీ హరికేన్ తర్వాతా బ్రాజోస్ పొంగి పార్కు మూతపడింది. ఇలాంటి వరదలు తీశాక చెట్ల కాండాల మీద మట్టి గీత మిగులుతుంది. పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి, ఎక్కడి దాకా వచ్చిందో పుస్తకంలో తమ బొమ్మ మీదే గీయమంటే, వరద మైదానం అన్న మాట మళ్ళీ వివరించనక్కర్లేదు.

శనివారం రాత్రుళ్ళు పార్కులోని జార్జ్ అబ్జర్వేటరీకి వెళ్ళేవాళ్ళు. 36 అంగుళాల టెలిస్కోపు ఉంది అక్కడ. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది కాబట్టి టార్చికి ఎర్ర కాగితం రెండు పొరలు కట్టాలి, ఒక్క పొర చాలదు. కానీ ఆ కాగితం కట్టే ముందు, కాలిబాట మీద ఒక పని మిగిలి ఉండేది. టార్చిని నడుము దగ్గర కాకుండా కణతకి ఆనించి పట్టుకోమనేవాళ్ళు. జంతువు కంట్లో పడ్డ వెలుగు వచ్చిన దారినే తిరిగి పోతుంది, అందుకని కన్నూ టార్చీ ఒకే చోట ఉండాలి. నడుము దగ్గర పెట్టుకున్న పిల్లలకి గడ్డి మాత్రమే కనపడేది. కణతకి ఎత్తగానే, దూరంగా నీళ్ళ మీద ఎర్రటి నిప్పు కణికలు రెండు, ఎలిగేటర్. కాళ్ళకి కాస్త దూరంలో గడ్డినిండా మంచుచుక్కలు మెరిసేవి. వాన పడలేదే, మంచెక్కడిదని ఒక చుక్కనే పట్టుకుని, వెలుగు తప్పకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, నెమ్మదిగా దాని దాకా నడవమనేవాళ్ళు. దగ్గరికి వెళ్ళి వంగితే ఆ చుక్కకి ఎనిమిది కాళ్ళు. ఉల్ఫ్ స్పైడర్ అనే సాలీడు. ఒక్కోసారి వీపు నిండా పిల్లల్ని మోస్తూ ఉండేది. టార్చి కాస్త కదిపితే ఆ వీపంతా పొడి పొడిగా మెరిసేది.